గొర్లు మేపేవాళ్ళ కూడు

మేం ఉర్లగడ్డ అనే బంగాళాదుంపను ఉడికించి మెత్తగా మెదిపి పరిచిన పైపొర వేడికి ఎర్రబారుతూ, కింది పొరలోని కైమా రసం సన్నటి బుడగలుగా అంచుల్లోంచి తన్నుకొచ్చి గిన్నె గోడలకు అంటుకుని మాడేటప్పుడు వచ్చే వాసన ఒకటుంది. అందులో వెన్న ఉంటుంది, మిరియాలు ఉంటాయి, కొంచెం మాడు కూడా ఉంటుంది. హోసూరులో మేమిప్పుడు ఉంటున్న అపార్టుమెంటులో, ఆదివారం పూట మా కరెంటు ఓవెను నుంచి ఆ వాసన బయలుదేరిందంటే నా చేతిలో ఏ పని ఉన్నా కాసేపు ఆగిపోతుంది. మడతపెడుతున్న బట్టను అలాగే పట్టుకుని నిలబడిపోతాను. అప్పుడు నా కళ్ళముందుకు వచ్చేది ఒక పాత ఇంటి ఎర్ర గచ్చు, జామచెట్ల నీడ, ఆ నీడలో నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మా తాత వీపు.

తొంభైల మధ్యలో మా నాయనకు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. అత్తిముగం అవతల ఉన్న మా పల్లె నుంచి అమ్మనూ నన్నూ తీసుకొచ్చి, మత్తిగిరి దారిలో ఒక పాత పెంకుటింటి వెనక భాగంలో కాపురం పెట్టాడు. అప్పటి హోసూరులో చలి చలిలాగే ఉండేది. తెల్లవారితే జామాకుల మీద నుంచి మంచు టపటపా రాలేది, నోరు తెరిస్తే పొగ వచ్చేది, మేం పిల్లలం ఆ పొగతో బీడీ తాగుతున్నట్టు నటిస్తూ, ఎండపడిన మెట్టు కోసం ఒకరినొకరు తోసుకుంటూ అచ్చనగాయలు ఆడేవాళ్ళం. వేసవి వస్తే చెట్లకింద కుంటాట, వానలు మొదలైతే కాంపౌండులోని ఎర్రమట్టి మోకాళ్ళదాకా పూసుకుని అమ్మచేత తిట్లు.

ముందుభాగంలో ఉండే ఇంటావిడ పేరు ఐరీన్. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి వీధి మొత్తానికి నర్సమ్మ. జోలార్‌పేట రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. పూలగౌను, భుజాలు దాటని తెల్లజుట్టు, ఇంట్లో కూడా విప్పని నర్సు బూట్లు. పెళ్ళి చేసుకోలేదు. దేవుడితో ఇంగ్లీషు, బజారులో తమిళం, మాతో తెలుగు మాట్లాడేది. ఆ తెలుగంతా వార్డులో రోగుల మంచాల పక్కన నేర్చుకున్నది కావడంతో అందులో ఎక్కువ భాగం ఆజ్ఞలే. పడుకో, లే, నోరు తెరు, మింగు, ఏడవొద్దు. ముద్దుచేయడానికి పిలిచినా సూది వేయడానికి పిలిచినట్టే ఉండేది. ఉగాదికి అమ్మ పూర్ణం పెట్టి చేసిన ఓళిగలు నెయ్యి కారుతుండగా ముందింటికి వెళ్ళేవి. క్రిస్మస్‌కు నర్సమ్మ కొత్త దువ్వెన పళ్ళ మీద పిండి ఒత్తి, గవ్వల్లా చుట్టి వేయించి, పాకంలో పొర్లించిన కల్‌కల్‌లు డబ్బా నిండా వెనకింటికి వచ్చేవి.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆవిడ వంటింటి కిటికీ తెరుచుకునేది. నేను కిటికీ కింద రాయి ఎక్కి చూసేదాన్ని. బల్లకు బిగించిన చేతిమరలో మాంసం వేసి తిప్పితే ఎర్రటి దారాల్లా బయటికొచ్చేది. ఎర్రగడ్డలు, కారెట్టు, మిరియాలు వేసి దాన్ని నీరింకేదాకా వేయించి రేకు పళ్ళెంలో అడుగున పరిచేది. పాలు, వెన్న పోసి మెదిపిన ఉర్లగడ్డను దానిమీద కప్పి, ముళ్ళచెంచాతో దున్నిన చేనులా గీతలు గీసేది. ఆ పళ్ళెం ఒక రేకు పెట్టెలోకి, ఆ పెట్టె బొగ్గుల కుంపటి మీదికి వెళ్ళేవి. ఇక కాంపౌండంతా వాసన. కానీ ఆ మాంసం పశువుది. మా ఇంట్లో గొర్రెను, కోడిని తింటారు, ఆవును మొక్కుతారు. ఆ సంగతి తెలిసిన నర్సమ్మ నా చేతిలో రెండు బిస్కట్లు పెట్టి, “నీకు కాదు ఇది. మీ అమ్మకు బాధ అవుతుంది. పో, ఆడుకో” అనేది. నేను బిస్కట్లు తింటూ ఆ వాసన పీల్చేదాన్ని.

ఒక చలికాలం మా తాత మునియప్ప హోసూరు వచ్చాడు. పుట్టినప్పటినుంచి గొర్రెలతో తిరిగిన మనిషి. మా పల్లె చుట్టూ ఉన్న బీళ్ళకు ఒక్కొక్కటిగా కంచెలు పడ్డాయి, ప్లాస్టిక్ కప్పుల కింద రోజాపూల తోటలు వచ్చాయి, మేపడానికి చోటు తగ్గింది, తాత మోకాళ్ళు కూడా మొరాయించాయి. అవ్వ అంతకుముందే పోయింది. మందను అమ్మేసి, ఒక కంబళి, ఒక కర్ర మాత్రం పట్టుకుని బస్సు దిగాడు. ఆ కంబళిలో గొర్రెల వాసన అట్లాగే ఉండేది. మొదటి రోజుల్లో నేను అందులో దూరి, తాత నోటితో చేసే గొర్రెల పిలుపులు వింటూ నిద్రపోయేదాన్ని.

తరువాత ఆ పిలుపులు ఆగిపోయాయి. పళ్ళు లేవని మాంసం మానేశాడు. అరగడం లేదని రాగిముద్ద మానేశాడు. చివరికి గంజి కూడా రెండు గుక్కలు తాగి గ్లాసు మంచం కిందికి నెట్టేవాడు. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చునేది.

“ఇంకొక గుక్క తాగండి మామా. నాకోసం.”

“ఆకలి కాలేదమ్మా” అనేవాడు, గోడతో చెప్పినట్టు.

నాయన డాక్టరును పిలిపించాడు. జబ్బేమీ లేదని ఆయన టానిక్ రాసిచ్చి వెళ్ళాడు. ఆరోజు వంటింట్లో నాయన నేలమీద కూర్చుని, “పల్లెకు తీసుకుపోదామా?” అన్నాడు. “ఆడేముండాది? ఖాళీ దొడ్డి. దాన్ని చూస్తే ఇంకా కుంగిపోతాడు” అంది అమ్మ. నాయన కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. తాత చచ్చిపోతాడేమో అన్న ఆలోచన నాకు వచ్చింది అప్పుడే. ఎవరినీ అడిగే ధైర్యం లేక జామచెట్టు ఎక్కి కూర్చున్నాను.

మరుసటి ఆదివారం నర్సమ్మ చేతులు తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది. తాత మణికట్టు పట్టుకుని గడియారం చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది.

“నాడి బాగుంది. జొరం లేదు. ఏమప్పా మునియప్పా, ఎందుకు తినవు? చెప్పు.”

తాత కంబళి ఇంకాస్త పైకి లాక్కున్నాడు. ముందింటి నుంచి ఆ వాసన గాలిలో వచ్చి మంచం చుట్టూ తిరిగింది. చాలా రోజుల తరువాత తాతే ఒక మాట అడిగాడు.

“ఏందమ్మా ఆ వాసన?”

“నా వంట. షెపర్డ్స్ పై. అంటే…” నర్సమ్మ తెలుగు కోసం వెతుక్కుంది. “గొర్లు మేపేవాళ్ళ కూడు.”

తాత ఇటు తిరిగాడు. “ఎవురు మేపేవాళ్ళు?”

“గొర్లప్పా. దూరదేశంలో నీ మాదిరి వాళ్ళు ఉంటారు. వాళ్ళ పేరే పెట్టినారు దీనికి.”

“ఏం మాంసమది?”

ఆవిడ దాచలేదు. “నేను చేసేది పశువు మాంసంతో. నువ్వు తినకూడదు.”

తాత మోచేతి మీద లేచాడు. ముఖంలో కోపం. అన్ని రోజుల్లో ఆయన ముఖంలో కనిపించిన మొదటి రంగు అదే. “గొర్లు మేపేవానికి పశువు యాడనుంచి వచ్చింది? వాని దగ్గర ఉండేది గొర్లే కదా! మీ దేశపోళ్ళు పేరొకటి పెట్టి కూరొకటి వేసినారు.”

“నా దేశం జోలార్‌పేట అప్పా” అంటూ నర్సమ్మ ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. “నువ్వు చెప్పింది నిజమే. మొదట్లో గొర్రె మాంసమే. మా ఇంట్లో మార్చుకున్నారు, నేనూ అట్లే చేస్తుండా.”

“అట్లయితే గొర్రెతో చెయ్యి. మాంసం నేను తెస్తా.”

గుమ్మంలో నిలబడిన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

సంతరోజు నాయన మోపెడ్ మీద వెనక తాత, ముందు నేను. కెలమంగలం సంతలో పట్టుగూళ్ళ బుట్టలు, తడిసిన మల్బరీ ఆకు వాసన, బొరుగుల మిఠాయి, ఎర్రదుమ్ము. గొర్రెలు కట్టేసిన మూలకు చేరగానే తాత నాయన చెయ్యి వదిలేశాడు. ఒక్కొక్క గొర్రె వెన్ను మీద అరచెయ్యి వేస్తూ, పళ్ళు చూస్తూ, చెవులు సాగదీస్తూ నడిచాడు. ఎవరో పాతమనిషి పరుగున వచ్చి, “మునియప్పన్నా! నువ్వు పోయినావని చెప్పినారే!” అన్నాడు.

“పోయినాను, హోసూరుకు” అన్నాడు తాత.

ఆ మూలంతా నవ్వింది. తాత కూడా నవ్వాడు, చిగుళ్ళు కనిపించేలా. మాంసం కొట్టు దగ్గర నిలబడి, ముందుకాలి జబ్బే కావాలని పట్టుబట్టి కోయించుకుని, ఆకులో పొట్లం కట్టించాడు. ఇక బయలుదేరదామని నాయన బండి తిప్పేసరికి తాత చంకలో తెల్లటి గొర్రెపిల్ల ఒకటి, నల్లముట్టెతో, బిక్కచూపులు చూస్తూ ఉంది.

“ఇదెందుకు నాయనా?” అన్నాడు మా నాయన.

“కూరకు కాదు” అన్నాడు తాత. దాన్ని నా చేతుల్లో పెట్టి బండెక్కాడు. దారిపొడవునా అది నా మెడ మీద వెచ్చగా ఊపిరి వదిలింది.

వంట మా వాకిట్లోనే. నర్సమ్మ తన రేకు పెట్టె, చేతిమర తేలేదు. “నా సామాను వద్దు. దాంట్లో నా వంట ఉడికింది. మీ గిన్నె, మీ కత్తి తీయండి” అంది. మర లేకపోతే కైమా ఎలాగని అమ్మ అడిగేలోపు తాత చింతమొద్దు ముందు చతికిలబడ్డాడు. రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని కొడుతుంటే, ఆ టకటకకు పక్కింటి పిల్లలు గోడెక్కి చూశారు. మధ్యలో ఆయాసపడి ఆగేవాడు, నాయన కత్తులు అందుకోబోతే ఇచ్చేవాడు కాదు. నర్సమ్మ స్టూలు మీద కూర్చుని వార్డులోలాగే ఉత్తర్వులు ఇచ్చింది. వేయి. తిప్పు. నీళ్ళు వద్దు. చాలు. అమ్మ అన్నిటికీ తలూపుతూనే, ఆవిడ అటు తిరిగినప్పుడు అల్లం తెల్లగడ్డ నూరిన ముద్ద, పుదీనా, పచ్చిమిరపకాయలు గిన్నెలో వేసేసింది. ఉర్లగడ్డలు వలిచింది నేనే, వేడికి వేళ్ళు ఊదుకుంటూ. మెదిపిన ముద్దను కైమా మీద పరిచి గీతలు గీసే పని కూడా నాకే ఇచ్చారు. గిన్నెకు మూతపెట్టి, కింద సన్నటి సెగ, మూతమీద ఎర్రటి నిప్పులు. గొర్రెపిల్ల తాత ఒళ్ళో ఎక్కి కంబళి కొస నములుతూ ఉంది. అందరం ఆ మూతనే చూస్తూ కూర్చున్నాం.

మూత తీసేసరికి పైపొర తేనెరంగులో ఉంది, ఒక పక్క నల్లగా మాడింది. అమ్మ గరిటెతో అడుగుదాకా కోసి, పొరలు విడిపోకుండా తాత పళ్ళెంలో పెట్టింది. తాత దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

“ముద్దను కూర మీద పరిచినారే!”

వేళ్ళతో తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలాల్సిన పని లేదు. కళ్ళు మూసుకుని మింగాడు. ఇంకొక తునక తుంచాడు. అమ్మ గరిటె పట్టుకుని చూస్తోంది. పళ్ళెం ఖాళీ అయ్యాక తాత తల ఎత్తకుండానే దాన్ని అమ్మవైపు జరిపాడు. “ఇంకొంచెం పెట్టమ్మా.”

అమ్మ వడ్డించి గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల నుంచి ముక్కు చీదిన శబ్దం వినిపించింది. నర్సమ్మ రుచి చూసి, కారానికి నోరు ఊదుకుని, “ఇది షెపర్డ్స్ పై కాదు, నేను చెప్తుండా” అంది. “గొర్లు మేపేవాణ్ణి నేను. ఇదే అది” అన్నాడు తాత. ఆవిడ గిన్నె అంచుకు అంటుకున్న మాడు గీకి పెట్టమంది. నా వంతు వచ్చేసరికి నేను గీతలు గీసిన చోటే అమ్మ కోసిచ్చింది. ఎన్నో ఆదివారాలు కిటికీ కింద నిలబడి ఊహించుకున్న రుచి అది కాదు, అంతకంటే ఘాటుగా, మా ఇంటిదిగా ఉంది.

ఆ తరువాత తాత చాలా ఏళ్ళు బతికాడు. ఆ గొర్రెపిల్ల తల్లి అయింది, ఇంకో రెండు సంత నుంచి వచ్చాయి. రెండువేల సంవత్సరం దాటాక కూడా, హద్దురాళ్ళు పాతి ఇళ్ళు ఇంకా కట్టని ప్లాట్ల మధ్య తాత చిన్న మంద మేపుకుంటూ తిరిగేవాడు. అవి నర్సమ్మ క్రోటన్ మొక్కలన్నీ మేసేస్తే ఆవిడ ఇంగ్లీషులో తిట్టేది, తాత తెలుగులో సమాధానం చెప్పేవాడు. చివరిదాకా తింటూ, పోట్లాడుతూ ఉండి, ఒక వానాకాలం నిద్రలో వెళ్ళిపోయాడు. నర్సమ్మ మోకాళ్ళు పనిచేయడం మానేశాక వెనకింటి నుంచి ముందింటికి మూడుపూటలా భోజనం వెళ్ళింది. మిరపకాయలు లేకుండా చేసి పంపితే, “మునియప్పది పంపు” అని వెనక్కి పంపేసేది.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, జామచెట్లు లేవు. ఆ చోట అద్దాల ముఖంతో నాలుగంతస్తుల కట్టడం ఉంది. హద్దురాళ్ళ మధ్య ఖాళీలు నిండిపోయాయి. మూతమీద నిప్పులు పెట్టే వంట మా వీధిలో ఎవరికీ తెలియదు, చింతమొద్దు మీద కత్తుల చప్పుడు వింటూ నేను పెద్దదాన్నయిన ఊళ్ళో కైమా ప్లాస్టిక్ సంచీలో సిద్ధంగా దొరుకుతుంది. చలి కూడా పలచబడింది. ఇవన్నీ తలుచుకుని నేను దిగులుపడితే అమ్మకు నచ్చదు. పైఅంతస్తులోకి ఒడిశా నుంచి ఒక కొత్త జంట దిగింది, ఇద్దరికీ ఫ్యాక్టరీలో పని. ఆ అమ్మాయికి ఇంకా ఇక్కడి భాష రాదు, మెట్ల మీద కనిపిస్తే నవ్వి తల దించుకుంటుంది. “ఊరుగాని ఊర్లో ఉండారు, ఈ ఆదివారం మనింట్లో తినమని చెప్పు. ఏమి తింటారో, ఏమి తినరో ముందే అడిగి రా” అని అమ్మ నన్ను పైకి పంపింది. సైగలతో అడిగి వచ్చాను. గొర్రె మాంసం తింటారట, కారం ఇంకా ఎక్కువైనా పరవాలేదట.

ఈరోజే ఆ ఆదివారం. ఓవెనులో పైపొర ఎర్రబారుతోంది, నేను పళ్ళేలు తుడిచి బల్లమీద పెడుతున్నాను. ఎవరో తలుపు మీద మెల్లగా, మొహమాటంగా తట్టారు. నేను చెయ్యి తుడుచుకునేలోపే, డెబ్భై దాటిన మా అమ్మ కుర్చీలోంచి లేచి తలుపు వైపు నడిచింది.