నాగపూర్ నుంచని చెప్పిన ట్రంక్ కాల్

1976. జనగామ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను ఆపరేటరుగా చేరి కొన్నేళ్లయింది. స్టేషన్ రోడ్డులో ఒక అద్దె ఇంటి మేడమీద మా ఆఫీసు. నెంబరు నొక్కితే నేరుగా మోగే కాలం కాదది. ఊళ్లో ఎవరు రిసీవరు ఎత్తినా మా బోర్డు మీద వాళ్ల నెంబరుకున్న చిన్న రేకుమూత కిందికి పడేది. తీగ తీసి అందులో గుచ్చి, ఎవరు కావాలో అడిగి, రెండో తీగతో అవతలివాళ్లకు కలిపేవాళ్లం. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్. అందులో పీ.పీ. కాల్ అని ఒకటుండేది. ఫలానా మనిషి పేరు చెప్పి, ఆ మనిషే లైను మీదికి రావాలని అడిగే కాల్ అది.

ట్రంకు లైన్లు తరచూ గరగరమనేవి. ఒకరి మాట ఒకరికి అందకపోతే ఆపరేటరే మధ్యలో ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేది. అట్లా ఎన్ని ఇళ్ల పుట్టుకలు, చావులు నా నోటి మీదుగా పోయాయో. విన్నది బయట చెప్పకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి నియమం.

మా ఆఫీసుకు నాలుగు ఇళ్ల అవతల సోమయ్య సేఠు కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనుక ఇల్లు. ఆయన భార్య అండాళమ్మ. వాళ్లకు ఒక్కడే కొడుకు, రఘు. వరంగల్‌లో కాలేజీలో చదువుతూ 1969లో తెలంగాణ ఉద్యమంలోకి పోయాడు. ఒకరోజు ఊరేగింపులో లాఠీచార్జి జరిగింది. అప్పుడు చెదిరిపోయిన పిల్లల్లో మిగతా అందరూ ఇళ్లకు చేరారు, రఘు చేరలేదు. జైళ్లు చూశారు, దవాఖానలు చూశారు. శవం దొరకలేదు కాబట్టి అండాళమ్మ ఎదురుచూస్తూనే ఉంది. సోమయ్య సేఠు అప్పుడప్పుడు పేపర్లో ప్రకటన వేయించేవాడు. కొడుకు పేరు, ఫోటో, 1969 ఉద్యమంలో తప్పిపోయాడన్న సంగతి, తల్లి అండాళమ్మ మంచం పట్టిందన్న మాట, దుకాణం ఫోన్ నెంబరు అందులో ఉండేవి.

ఆ ఏడు వానాకాలంలో ఒక పొద్దున మానుకోట నుంచి, అంటే మహబూబాబాద్ ఎక్స్ఛేంజి నుంచి, పీ.పీ. కాల్ వచ్చింది. కావలసిన మనిషి అండాళమ్మ. ఆమెకు ఫోన్ రావడం నేను చేరాక అదే మొదలు. సోమయ్య సేఠు రోజూ ఆ వేళకు మార్కెట్ యార్డుకు పోతాడు. గుమాస్తా లోపలికి పోయి ఆమెను పిలుచుకొచ్చాడు. మానుకోట నుంచి ట్రంక్ కాల్ అని చెప్పి కలిపాను. లైను చాలా అధ్వానంగా ఉంది. అవతల ఒక మగగొంతు ఏదో అంటోంది, ఆమెకు అందడం లేదు. నేను మధ్యలోకి రాక తప్పలేదు.

ఆ గొంతు చెప్పింది విని, ఆమెకు చెప్పాను.

"అమ్మా, నేను రఘును అంటున్నడు."

ఆమె మెల్లగా అడిగింది. "తిన్నవా బిడ్డా?"

అదీ అటు చెప్పాను. అతను నాగపూర్‌లో ఉన్నానన్నాడు. అప్పటి పోలీసు కేసు ఇంకా మీద ఉందని, ఎమర్జెన్సీ కాబట్టి దొరికితే బయటికి రానని, నాయినకు కూడా చెప్పొద్దని అన్నాడు. మరి మానుకోట అన్నరేమని ఆమె అడిగితే, నాగపూర్ లైను మానుకోట మీదుగానే కలుపుతారన్నాడు. ఆ మాట కూడా నేనే ఆమెకు చెప్పాను. చెబుతుండగానే తెలిసింది, అది అబద్ధమని. మానుకోట మాకు తూర్పున, నాగపూర్ ఉత్తరాన. ఆ లైను అటు పోనే పోదు. కానీ పోలీసులకు భయపడే పిల్లవాడు ఉన్న ఊరు దాచుకోడా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె సంతోషం నాకూ అంటుకుంది.

ఆమె అడిగిన ప్రశ్నల్లోనే జవాబులుండేవి. సైకిల్ మీదికెల్లి పడ్డ కాలు ఇంకా గుంజుతుందా అని అడిగింది. చలికాలం గుంజుతుందని అతను అన్నాడు. పెద్దమ్మ కమలమ్మ పోయింది తెలుసా అంటే, తెలిసి ఏడ్చానన్నాడు. కొన్ని రోజులకు వచ్చిన రెండో కాల్‌లో లైను కొంచెం నయం. లైను సరిగ్గా కలిసిందో లేదో చూడటానికి కాసేపు విన్నాను. ఈసారి అతనే కాలు నొప్పి సంగతి ఎత్తాడు, కమలమ్మ పెద్దమ్మ సంగతి ఎత్తాడు. ఆమెకు గుర్తున్నదంతా అతనికీ గుర్తున్నట్టే ఉంది. కానీ క్రితంసారి ఆమె చెప్పని ముక్క ఒక్కటి కూడా అతని నోట రాలేదు. వకీలుకు ఇవ్వాలి, నా దోస్తు వస్తాడు, వాడి చేతికి బంగారం ఇవ్వు అన్నాడు. ఆమె ఇంకేదో అడగబోతే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అడగడం మానేసింది.

మానుకోట ఎక్స్ఛేంజిలో సలీమా అనే అమ్మాయి పనిచేసేది. మేమెప్పుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, లైను మీదే స్నేహం. ఆ కాల్ ఎక్కడిదని ఆమెను అడిగాను.

"ఇక్కడి పోస్టాఫీసుల పబ్లిక్ ఫోన్‌దే అక్కా. నలభై ఏండ్ల మనిషని పోస్టాఫీసు ఆయన చెప్పిండు. నవ్వుకుంట బయటికి వస్తడట."

రఘు బతికుంటే అప్పటికి ఇరవై ఆరు దాటవు.

ఏం చేయాలని మా సూపర్‌వైజరును అడిగాను. ఆయన మంచివాడే. లైను మీద విన్నది బయట పెడితే ఉద్యోగం పోతుందని నాకు గుర్తుచేశాడు. కాసేపటికి, డ్యూటీ అయ్యాక నువ్వు ఎవరింటికి పోతావో నేను చూడనని అన్నాడు.

ఆ సాయంత్రమే పోయాను. అండాళమ్మ చేతులకు మట్టిగాజులు తప్ప ఏమీ లేవు. దోస్తు అప్పటికే వచ్చి పోయాడు. నాకు తెలిసినదంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు. నన్ను కూర్చోమని, మంచినీళ్లిచ్చి, నిలబడే మాట్లాడింది.

"నా కొడుకు గొంతు నాకు తెల్వదా?"

ఏడేండ్లయింది గదమ్మా, లైను కూడా బాగలేదు గదా అన్నాను.

"నువ్వే గద చెప్పినవ్, రఘును అంటున్నడని. నేను విన్నది నీ నోటితోనే గద."

ఇక రావద్దని అంది. మెట్లు దిగుతుంటే లోపలి నుంచి తలుపు గడియ వేసిన చప్పుడు వినిపించింది.

మర్నాడు మార్కెట్ యార్డుకు పోయి సోమయ్య సేఠుకు చెప్పాను. పత్తి బోరాల పక్కన నిలబడి అంతా విన్నాడు. వినడం అయ్యాక తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కొంచెం తేరుకున్నాక, "మొన్నటికెల్లి కడుపు నిండ తింటుంది. ఎందుకో అర్థం గాలే" అన్నాడు.

ఆయన పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు, నేను సలీమాకు చెప్పి ఉంచాను. మళ్లీ కాల్ వచ్చినప్పుడు ఆమె లైను కలపడం ఆలస్యం చేసింది. ఆలోపు పోలీసులు పోస్టాఫీసుకు చేరి అతన్ని పట్టుకున్నారు. ఒకప్పుడు మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగినవాడట. పేపర్లో తప్పిపోయిన పిల్లల ప్రకటనలు ఏరి పెట్టుకునేవాడు. బయ్యారం దగ్గర ఒక రైతు ఇల్లు, కాటారం వైపు ఒక పంతులు ఇల్లు అప్పటికే మోసపోయాయి. ప్రకటనలో ఉన్నదానికి మించి ఏదీ ముందే తెలుసుకోలేదని, మిగిలినదంతా తల్లులే చెప్పారని పోలీసులతో అన్నాడట.

దోస్తునంటూ ఇంటికి వచ్చినవాడు అతను పంపిన మనిషేనట. నగల్లో కొన్ని దొరికాయి. అవి గుర్తుపట్టడానికి అండాళమ్మను స్టేషన్‌కు పిలిచారు. తోడు రమ్మని సోమయ్య సేఠు నన్ను అడిగాడు. బల్ల మీద పెట్టిన గాజులను ఆమె చూడనైనా చూడలేదు. మూలన నేలమీద కూర్చున్న మనిషి ముందుకు పోయి నిలబడింది. తిడుతుందనుకున్నాం.

"జర ఒక్కసారి అమ్మా అను" అంది.

అతను తల ఎత్తలేదు. ఆమె ఇంకా కొంతసేపు చూసింది. సోమయ్య సేఠు ఆమె భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. రిక్షా ఎక్కేముందు ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు చేసింది మంచిపనే బిడ్డా. గని నా కొడుకు ఇయ్యాల మల్ల పోయిండు."

ఆ నెల నుంచే ఆమె నిజంగా మంచం పట్టింది. డ్యూటీ అయ్యాక నేను పోయి పక్కన కూర్చునేదాన్ని. పొమ్మనలేదు, పెద్దగా మాట్లాడనూ లేదు. రఘు పేరు మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. రెండేళ్ల తర్వాత పోయింది. ఆమెను మంచానికి చేర్చింది ఆ మోసమా, నేను చెప్పిన నిజమా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. చెప్పకుండా ఉండాల్సిందని మాత్రం అనుకోను. చెప్పి మెట్లు దిగి వచ్చేయడంతో పని అయిపోదని తెలిసింది. నిజం చెప్పినవాళ్లు ఆ తర్వాత కూడా ఆ ఇంటికి పోతూ ఉండాలి.

ఇప్పుడు ప్రతి చేతిలో సెల్‌ఫోన్ ఉంది. మీ అబ్బాయి పోలీసుల చేతిలో ఉన్నాడంటూ తెలియని నెంబర్ల నుంచి కాల్స్ వస్తున్నాయి. ఆ గొంతులు వింటుంటే నాకు మానుకోట లైనే గుర్తొస్తుంది. తొందరపెట్టేవాడు, ఎవరికీ చెప్పొద్దనేవాడు, ప్రశ్న అడిగితే ఏడ్చేవాడు, మన దగ్గర విన్నదే మనకు తిప్పి చెప్పేవాడు అప్పుడూ వాడే, ఇప్పుడూ వాడే. ఫోన్ పెట్టేసి ఇంట్లో ఇంకొకరికి చెప్పండి, చాలావరకు అక్కడితో ఆగుతుంది.

చదువుకున్నవాళ్లు కూడా ఎట్లా పడతారని మా వీధిలో నవ్వుతుంటారు. నాకు నవ్వు రాదు. మోసపోయి నా దగ్గర చెప్పుకునే ఇరుగుపొరుగువాళ్లను ఎట్లా నమ్మినవని నేను అడగను. ఎవరి కోసం ఎదురుచూస్తున్నవని అడుగుతాను. అప్పుడు వాళ్లు మాట్లాడటం మొదలుపెడతారు.