నంబరు కట్టిన మట్టి

చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా, కలలో మాత్రం నెల్సన్ ఒక్క షిఫ్టు కూడా తప్పలేదు. మధ్యాహ్నం అన్నం తిని వరండాలో కునుకు తీస్తే చాలు, గని మీది పెద్ద చక్రం తిరిగేది, సైరన్ మోగేది, ఎప్పుడో పోయినవాళ్లు కూడా నవ్వుకుంటూ డ్యూటీకి దిగేవాళ్లు. కళ్లు తెరిస్తే ఎండ, దుమ్ము, పక్కింటి మేక.

ఆ ఏడాది ఊరి పక్క బయలుకు సోలార్ కంపెనీ వచ్చింది. కూతురు జూలీకి దాని ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆరేళ్లుగా చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయొచ్చే పిల్ల, ఇప్పుడు మధ్యాహ్నం ఇంటికొచ్చి నాయనతో కలిసి ముద్ద తింటోంది. తల్లి లేని ఆ ఇంటికి అంతకన్నా ఏం కావాలి?

అంతలో కంపెనీవాళ్లు బయలులో గుంతలు తవ్వి, లోపలి మట్టిని గుడ్డ సంచుల్లో పోసి, నంబర్లు కట్టి పంపడం నెల్సన్ కంటపడింది. గనిలో ముప్పై ఏళ్లు అతను చేసిన పని అదే. అలాంటి సంచులను మోసుకెళ్లి, రాతిలో బంగారం ఎంతుందో తేల్చే ఆఫీసులో ఇచ్చేవాడు. నంబరు కట్టిన సంచికి అతని లోకంలో ఇంకో అర్థమే లేదు.

"సోలార్ ఉత్త నాటకమప్పా. బంగారం కోసరం వచ్చినారు," అన్నాడు టీ అంగడి మునియప్పతో.

"సంచులు మోసిన మనిషివి, నీకు తెలీదా!" అన్నాడు మునియప్ప.

ఇంకేం, మాటకు కాళ్లొచ్చాయి. రాబర్ట్‌సన్‌పేట బజారు చేరేసరికి సోలార్ పలకల కింద సొరంగం తయారైంది, సాయంత్రానికి బంగారం విమానమెక్కి ఎగిరిపోయింది కూడా! ఒక్క పలకైనా బిగించలేదు కదా అని అడిగిన మహానుభావుడు లేడు. జనం కంపెనీ గేటు ముందు బైఠాయించారు. ముందు వరుసలో నెల్సన్.

"పలకల కంబాలు నేలలో నిలుస్తాయో లేదో చూసేదానికి నాయనా ఆ మట్టి," అని జూలీ రెండుసార్లు చెప్పింది.

"నీకు తెలీదులేమ్మా," అన్నాడు. ఆ రోజుల్లో అతనికి మెలకువలో కూడా చక్రం తిరుగుతున్నట్టే ఉండేది. బంగారం ఉందని తేలి అది నిజంగా తిరిగితే జూలీకి సోలార్ ఎందుకు, గనిలోనే పని దొరకదా అనుకునేవాడు, పిచ్చి మారాజు.

నెలన్నరకు కంపెనీ సామాను సర్దుకుపోయింది. జనం టపాసులు కాల్చారు. మర్నాడు నెల్సన్ ఒక్కడే బయలుకు పోయి, గుంత పక్కన మిగిలిన మట్టిని గిన్నెలో వేసి నీళ్లతో కడిగాడు. మూడుసార్లు కడిగినా ఇసుకే మిగిలింది. బంగారమున్న చోటిని వదిలి ఎవరైనా పోతారా? ఆ మాట ముందే తట్టనందుకు సిగ్గుతో చితికిపోయాడు.

సోమవారం తెల్లవారుజామున మారికుప్పం స్టేషన్లో టిఫిన్ డబ్బా పట్టుకుని కూతురి పక్కన నిలబడ్డాడు. బెంగళూరు రైలు కూత వేసింది.

"గని మళ్లా తెరుస్తారనే ఆశతో చెప్పినా జూలీ," అన్నాడు.

జూలీ డబ్బా అందుకుంది. ముఖంలో కోపం లేదు.

"నాకూ ఆశ ఉండె నాయనా, ఇంట్లోనే ఉండొచ్చని," అని రైలెక్కింది.