రిలీవర్ రాని ఆదివారం

మా ఫ్యాక్టరీలో ఒక నియమం ఉండేది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, లాగ్ షీటు మీద సంతకం పెట్టేదాకా ముందు షిఫ్టు మనిషి కుర్చీ వదలకూడదు. వచ్చేవాణ్ణి రిలీవర్ అనేవాళ్లం. నేను చిల్లింగ్ ప్లాంటులో ఆపరేటర్ని. రసాయనాలు ఉడికే రియాక్టర్లకు చల్లటి ఉప్పునీళ్లు పంపే చోటు అది. గంటకొకసారి పదకొండు మీటర్లు చూసి పదకొండు అంకెలు రాయాలి. డిప్లొమా చదివిన మూడేళ్లలో నాకు బాగా వచ్చిన పని అదే. అంగీ జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని మిగతా బతుకును కూడా అలాగే రాసుకునేవాణ్ణి: కొనాల్సినవి, అడగాల్సినవి, ఎవరికి ఏం మాటిచ్చానో అవి.

పటాన్‌చెరు దగ్గర ఇంద్రేశంలో ఒక గది కిరాయికి తీసుకుని ఇద్దరం ఉండేవాళ్లం. రెండోవాడు మా ఫ్యాక్టరీలోనే వెల్డరు. సదాశివపేట మనిషి. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు. రెండింటిలోనూ అతనికి తడుముకోవడం తెలియదు. ఫ్యాక్టరీ భద్రతా వారంలో నాటిక వేయాలంటే అందరూ అతని వైపే చూసేవాళ్లు. కార్మికుల్లో సగం మంది మన ఊళ్లవాళ్లు, సగం బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు. అందుకని ప్రతి మాటా ఒకసారి తెలుగులో, ఒకసారి హిందీలో చెప్పాలి. వేరేవాళ్లు చెబితే అది ప్రకటన చదివినట్టుండేది. అతను చెబితే రెండుసార్లూ నవ్వు వచ్చేది.

రాసేది నేను. హెల్మెట్ పెట్టుకోని పనివాడి వేషం అతనిది. నోటుబుక్కు పట్టుకుని తప్పులు రాసే సూపర్‌వైజర్ వేషం నాది.

"నువ్వు యాక్ట్ చెయ్యకు భాయ్," అనేవాడు. "ఉన్నది ఉన్నట్టు నిలబడు. రోజు నాకు చెప్పే మాటనే చెప్పు. జనం పడి పడి నవ్వుతరు."

ఆ మాట, "రాసుకోవాలె భాయ్. రాసుకుంటే మర్చిపోవు." నాటికలో అది ఆరుసార్లు వచ్చేది. ఆరుసార్లూ నవ్వేవారు. నాకు తెలిసి, నన్ను చూసి మనుషులు నవ్వుతూ చప్పట్లు కొట్టింది అక్కడొక్కచోటే.

ఒకరోజు అతను ఉర్దూ పేపరు ముక్క తెచ్చాడు. దుబాయి టీవీ ఛానెల్ ఒకటి కొత్త రియాలిటీ షో తీస్తోంది. పనికోసం వలస వచ్చినవాళ్లు కొందరు ఒకే ఇంట్లో ఉంటారు, వంట చేసుకుంటారు, కొట్లాడుకుంటారు, వారానికోసారి నాటిక వేస్తారు. రెండు భాషలు వచ్చిన జోడీలు కావాలట. ఎంపిక హైదరాబాద్‌లో, ఆదివారం నాలుగింటికి.

"జోడీ అంటే మనమే," అన్నాడు.

నేను నోటుబుక్కు తీశాను. పాస్‌పోర్టు ఫోటోలు, రెండు సర్టిఫికెట్లు, హెల్మెట్ ఒకటి, ఇస్త్రీ బట్టలు. ఆదివారం నాది మొదటి షిఫ్టు, రెండింటికి అయిపోతుంది. బండి మీద వెళితే గంటన్నర. అరగంట చేతిలో ఉంటుంది. అన్నీ రాసి కింద గీత గీశాను. నేను ఏ దేశమైనా వెళ్లగలనని ఊహించుకోవడం అదే మొదటిసారి. నిజానికి దేశం గురించి కాదు నా ఆశ. ఇంకో మనిషి, నేను అడగకుండానే, తన పక్కన నా చోటు లెక్కలో వేసుకోవడం గురించి.

ఆదివారం రెండయింది. రిలీవర్ రాలేదు. రెండుంబావుకు కూడా రాలేదు. గేటు దగ్గర నుంచి ఇంటర్‌కామ్ మోగింది.

"ఏమైంది ఇంజనీర్ సాబ్? ఇస్త్రీ అంగీ తోటి ఎండల ఉడుకుతున్న."

"రిలీవర్ రాలె భాయ్."

"ఎవలనన్న కూసోబెట్టి రా."

"ఈ ప్లాంటు ఎవలకు తెల్వది. లోపట రియాక్టర్ నడుస్తుంది. చల్లదనం ఆగితే కథ ఖతం."

బండి ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వు పో," అన్నాను. "ఆలస్యమైతది."

"జోడీ అన్నరు కదనయ్యా. ఒక్కణ్ణే చూసి ఎళ్లగొడ్తరు."

"రెండు వేషాలు నువ్వే ఎయ్యి. నా మాటలు నీకు నోటికొచ్చు."

"యా అల్లా! నీ లెక్క మొఖం పెట్టుడు నాతోని అయితదా?" అని నవ్వి బండి తిప్పాడు.

మూడింటికి మీటర్లు రాశాను. రిలీవర్ గైరుహాజరు అని నమోదు చేయడానికి షిఫ్టుల మార్పిడి రిజిస్టరు తీశాను. ఆ ఆదివారం గడిలో అప్పటికే ఒక రాత ఉంది. "రెండవ షిఫ్టు నేను చేస్తాను." కింద నా సంతకం.

రాత నాదే. సున్నాలు గుండ్రంగా, ఒత్తులు విడివిడిగా. మూడు వారాల కిందట, నాటిక రిహార్సళ్ల కోసం రిలీవర్ నా బదులు రెండు షిఫ్టులు చేశాడు. అందుకు బదులుగా, అతని తోడల్లుడి ఇంట్లో పెళ్లి ఉన్న ఈ ఆదివారం నేను చేస్తానన్నాను. అన్నాను, రిజిస్టరులో రాశాను, జేబు నోటుబుక్కులోనూ రాశాను. తర్వాత ఆ నోటుబుక్కు నిండిపోయింది. మిగిలిన పనులు కొత్తదానిలోకి ఎక్కించేటప్పుడు ఒక్క వరుస వదిలేశాను.

పదింటిదాకా అక్కడే కూర్చుని ఏడుసార్లు పదకొండు అంకెలు రాశాను.

మరునాడు క్యాంటీన్‌లో అతను పొంగిపోతూ చెప్పాడు. ఒక్కడే రెండు వేషాలూ వేశాడట. అక్కడివాళ్లు ఆపి ఆపి మళ్లీ చేయించుకున్నారట. తీసుకున్నారట. అంతలో రిలీవర్ పళ్లెం పట్టుకుని వచ్చాడు. మా కంటే పదేళ్లు పెద్దవాడు, గుమ్మడిదల వైపు రైతు కుటుంబం. ఆదివారం పెళ్లికి వెళ్లాడని అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

"ఏం అన్నా, లగ్గంల మటన్ మంచిగుండెనా?" అని వెల్డరు గొంతు పెంచాడు. "నువ్వు తిన్నది మటన్ కాదు, మావోని నసీబు. పోరడు దుబాయి పోయేటోడు!"

రిలీవర్ నా ముఖం చూశాడు. నేను పప్పులో అన్నం కలుపుతున్నాను. రిలీవర్ ఇంకోసారి చూసి, "తప్పయింది తమ్మీ," అని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ "తమ్మీ" మా ఇద్దరిలో ఎవరిని అన్నాడో నేను తల ఎత్తి చూడలేదు. అప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది.

వెళ్లేముందు అతను గదిలో పెట్టె సర్దుకుంటూ రహస్యం ఒకటి చెప్పాడు. "ఎవలకు చెప్పకు. పేరుకు రియల్ షో. అందరు నిజం మనుషులే ఉంటరు, కానీ నాతోటి వేషం ఎయ్యిస్తున్నరు. నేను నేను కాదంట."

"మరి ఎవరు?"

"టీవీల చూడు," అన్నాడు. "ఇంకో మనిషి అవసరం పడితే నీ పేరే చెప్త. పాస్‌పోర్టు తీసుకొని తయ్యారుగ ఉండు."

పాస్‌పోర్టు తీసుకున్నాను. గదిలో అతను వదిలిపెట్టినవి: ఒక చాప, కాలిన చేతి తొడుగులు ఒక జత, సగం వాడిన అత్తరు సీసా, గోడకు కొట్టిన మూడు మేకులు. కిటికీలోంచి చూస్తే కొత్త లేఅవుట్‌లో ప్లాట్ల హద్దులకు పాతిన తెల్లరాళ్లు. ఆ నెలలో వాటిని లెక్కపెట్టాను. అరవై నాలుగు. తర్వాతి నెలలో కూడా అరవై నాలుగే. బియ్యం కడగడానికి గిన్నె తీసుకుంటే చేయి రెండు గ్లాసులు కొలిచేది. ఒకటి తిరిగి డబ్బాలో పోసేవాణ్ణి.

ఆ ఛానెల్ పటాన్‌చెరులో వచ్చేది కాదు. సంగారెడ్డిలో ఒక చాయ్ హోటల్ మీద పెద్ద డిష్ ఉండేది, యజమాని అల్లుళ్లిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టి. శుక్రవారం మొదటి షిఫ్టు దిగి, బస్సెక్కి అక్కడికి వెళ్లాను.

తెర మీద అతను వచ్చాడు. అంగీ జేబులో నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. జుట్టు పక్కకు దువ్వి ఉంది. ఆ ఇంట్లో ఎనిమిది మంది ఉంటే అతను ఎనిమిది చెంచాలు లెక్కపెట్టాడు. ఎవరో ఉల్లిగడ్డలు మర్చిపోతే నోటుబుక్కు తీసి, ముందు హిందీలో, తర్వాత ఎవరికీ అర్థం కాని తెలుగులో చెప్పాడు: "రాసుకోవాలె భాయ్. రాసుకుంటే మర్చిపోవు."

హోటలంతా నవ్వింది. గల్లా దగ్గరున్న యజమాని కళ్లు తుడుచుకుంటూ, "క్యా నమూనా హై రే! గిసొంటోళ్లు నిజంగ ఉంటరా?" అని నన్నే అడిగాడు.

"ఉంటరు చాచా," అన్నాను. చాయ్ చల్లారిపోయింది.

మూడో శుక్రవారం అతను ఆ ఆదివారం కథ చెప్పాడు. తన జీవితమే అన్నట్టు చెప్పాడు. ప్రాణ స్నేహితుడైన వెల్డరు గేటు బయట నిలబడ్డాడు, రిలీవర్ రాలేదు, తాను కుర్చీ వదలలేదు. ఆ ఇంట్లో ఒక పంజాబీ పెద్దాయన ఏడ్చాడు. నన్ను అంత మంచివాడిగా ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. బస్సులో తిరిగి వస్తుంటే నాకు అర్థమైంది. ఇంకో మనిషి అవసరం అక్కడ పడదు. నేను అప్పటికే అక్కడ ఉన్నాను. ఇంద్రేశంలో ఉన్నవాడికి మాత్రం ఏ పాత్రా లేదు. పైగా ఆ మంచివాడు అబద్ధమని ఇద్దరికే తెలుసు, నాకూ రిలీవర్‌కూ.

రెండో నెలలో ఛానెల్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఒక్కసారి తమవాళ్లతో మాట్లాడవచ్చట, అది రికార్డు అవుతుందట. హిందీలో అడిగింది: "వారి స్నేహితుడు మీరే కదా? వెల్డరు?"

"జీ, వెల్డర్," అన్నాను.

శనివారం పదకొండింటికి ఫోన్ మోగింది. నోటుబుక్కులో అడగాల్సినవి తొమ్మిది రాసుకుని కూర్చున్నాను. ఎప్పుడొస్తావు అనేది ఒకటి, మూడు మేకులు పీకనా అనేది ఇంకొకటి.

"భోజనం చేసినవా? టైముకు చేస్తున్నవా?" అన్నాడు. గొంతు నాది. మాటకూ మాటకూ మధ్య ఆగే తీరు కూడా నాదే. వెనక మనుషుల నవ్వులు.

నోటుబుక్కు మూసేశాను. "అరే ఇంజనీర్ సాబ్!" అన్నాను. గది గోడలకు నా గొంతు పెద్దగా తగిలింది. "హమ్ తో బిర్యానీ ఖాకే సోయే! గడియారం నువ్వే తీస్కపోయినవ్ కదా, నాకు టైము ఏడిది?"

ఆ వేషం నేనెప్పుడూ వేయలేదు. కానీ అతని మాటలు నాకూ నోటికొచ్చు.

"హెల్మెట్ పెట్టుకుంటున్నవా?" అని అడిగాడు. నాటికలో నా వరుస.

"నెత్తి ఉంటే కద భాయ్." అతని వరుస. అతని ముఖం చూసి కాబోలు, అక్కడ నవ్వారు.

ఇక మాటలు అయిపోతాయని తెలుస్తోంది. ఆ తేలిక గొంతుతోనే, ఆగకుండా అనేశాను. "ఒక మాట. ఆ ఆదివారం రిలీవర్ తప్పు లేకుండె. లగ్గం ఉందని మనతోనే అడ్జస్ట్ చేసుకున్నడు. సంతకం గూడ ఉన్నది. రాసుకునే మనోడే మర్చిపోయిండు. ఇంతకాలం ఆ అన్నను ఉత్తగనే తిట్టినం."

వెనక నవ్వులు వినిపించాయి. వాళ్లకు తెలుగు రాదు. నా మాటకు కాదు, ఇంకేదో చూసి నవ్వుతున్నారు. నేను గోడ మేకులు చూస్తూ ఉన్నాను. మొదటి మేకు, రెండోది, మూడోది.

తర్వాత అతను మాట్లాడాడు. అది నా గొంతో అతని గొంతో ఇప్పటికీ చెప్పలేను.

"రాసుకోవాలె భాయ్," అన్నాడు మెల్లగా. "రాసుకుంటే మర్చిపోవు."

లైను కట్ అయింది. తర్వాతి శుక్రవారం సంగారెడ్డికి వెళ్లలేదు. రెండో షిఫ్టుకు రిలీవర్ ముందుగానే వచ్చి సంతకం పెట్టాడు. నేను లేవలేదు.

"ఏంది తమ్మీ, ఇంటికి పోవా?" అన్నాడు రిలీవర్.

"పోత అన్నా. జెర కూసో. నీకొక మాట చెప్పేది ఉన్నది," అన్నాను.