గోల్‌కి ముందు గుళికలు

మా బావ నోటి నుంచి ఆ మాట వచ్చిన క్షణాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేను.

ముందు మనిషి సంగతి చెప్పాలి. బావ రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యాత. నేను అదే స్టేషన్లో సౌండ్ టెక్నీషియన్ని. అద్దానికి ఇవతల నేను, అవతల ఆయన. పెళ్లి కాకముందు ఓ సాయంత్రం ఆయన్ని మా ఇంటికి తీసుకెళ్తే, గుమ్మంలో నిలబడి "కాసిని మంచినీళ్లు ఇస్తారా?" అన్నాడు. అంతే! వంటింట్లోంచి అక్క "ఒరేయ్, ఫుట్‌బాల్ ఆయన గొంతురా!" అంటూ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. తను ఆ గొంతునే పెళ్లాడానని, మనిషి దాంతోపాటు ఊరికే వచ్చాడని ఇప్పటికీ అంటుంది.

గోల్ పడితే బావ కూర్చోలేడు. కుర్చీ వెనక్కి తన్ని లేచి, కళ్లు మూసుకుని "గో..." అని ఎత్తుకుంటే నా ముందున్న సౌండ్ మీటరు ముల్లు చివరికంటా పోవాల్సిందే. ఇంట్లో అక్క కుట్టుమిషను ఆపి వినేది. కానీ మన జట్టు పెద్ద టోర్నమెంటు గడప తొక్కలేదు, ఆయన అరిచినవన్నీ పరాయి గోల్సే.

"మనవాళ్లు కొట్టిన రోజు చూడవే, ఆ గోల్ అందరికంటే ముందు నీకే చెప్తా," అనేవాడు.

"చెప్దురుగాని, ముందు అన్నం తినండి," అనేది అక్క.

ఇన్నాళ్లకి, బావ రిటైరయ్యే ఏడాది, మనవాళ్లు వెళ్లారు. వెళ్లి ఏం లాభం? ప్రసార హక్కులన్నీ ఒకే కంపెనీ గంపగుత్తగా కొనేసింది. ఉచితంగా వచ్చే టీవీలో బంతి కాదు కదా, గడ్డిపోచ కూడా కనిపించదు. డబ్బు కట్టే ఛానల్ ఉంటేనే ఆట. అది అక్కావాళ్ల పక్కింట్లో ఉంది, వాళ్ల కేకలన్నీ గోడ దాటి వినిపిస్తాయి. మా రేడియోకి దయతలచి ఓ ముక్క విదిలించారు. స్టేడియానికి వెళ్లకూడదు, స్టూడియోలో వాళ్ల ఛానల్ పెట్టుకుని చూస్తూ చెప్పుకోవచ్చు. దానికీ ఓ షరతు.

ఆ షరతు వివరించడానికి కంపెనీ తరఫున ఒకమ్మాయి వచ్చింది. పాపం, మర్యాదగానే మాట్లాడింది.

"గోల్ పడగానే ముందు స్పాన్సర్ వాక్యం చదవాలి సార్. తర్వాత గోల్ అనొచ్చు."

"ముందు గోల్ చెప్పి, ఆ వెంటనే మీది చదువుతానమ్మా," అన్నాడు బావ.

"గోల్ అన్నాక మాది ఎవరు వింటారు సార్?"

బావ కాగితం చదివి అద్దంలోంచి నా వైపు చూశాడు. స్పాన్సరు మలబద్ధకం మాత్రల కంపెనీ. "ఈ గోల్‌ను మీకు అందిస్తున్నవారు, సుఖోదయ విరేచన గుళికలు. రాత్రి వేసుకోండి, పొద్దున్నే హాయి!"

థూ! ఎవడిదా బుర్ర? మనుషులు గుండెలు చిక్కబట్టుకుని ఎదురుచూసే మాటని తీసుకెళ్లి మరుగుదొడ్లో కూర్చోబెట్టారు.

"మానెయ్ బావా, నీకేం ఖర్మ?" అన్నాను.

"మానేస్తే మనవాళ్ల మ్యాచ్ ఎవడు చెప్తాడ్రా? పరాయి గోల్సుకి చదివి పారేస్తాను. మనవాళ్ల గోల్‌కి మాత్రం ఛస్తే చదవను. ఎలాగూ ఇంటికి పోయేవాణ్ణే, ఏం పీక్కుంటారో పీక్కోనీ."

మొదటిరోజు ఆముదం తాగిన మొహంతో చదివాడు. మూడో రోజుకి కాగితం చూడ్డం మానేశాడు. వారం తిరిగేసరికి గడగడా వచ్చేస్తోంది, నాకు ఒళ్లు మండిపోతోంది. వీధిలో పిల్లకాయలు ఆయన్ని చూసి "పొద్దున్నే హాయి!" అని అరిచి పారిపోయేవాళ్లు. మొదట్లో అక్క కూడా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

మనవాళ్ల మ్యాచ్ రోజు పొద్దున బావ కొత్త బ్యాటరీలు తెచ్చి, అక్క రేడియోలో తన చేత్తోనే వేసి, స్టేషన్ సరిచేసి పెట్టాడు. "పక్కింటివాళ్లు నోరు తెరిచేలోపే నీకు చెప్పేస్తా, చూడు," అన్నాడు. స్టూడియోలోకి రాగానే స్పాన్సర్ కాగితాన్ని నా కళ్లముందే ముక్కలు చేసి బుట్టలో వేశాడు. శభాష్ అన్నాను. పైనుంచి ఎవరు ఫోన్ చేసినా ఆయన మైకు కట్టేసేది లేదని నేనూ తీర్మానించుకున్నాను.

ఆట ముగిసే ముందు మన పదో నంబరువాడు ఇద్దరిని తప్పించుకుని బంతిని వలలోకి తన్నాడు.

కుర్చీ వెనక్కి ఎగిరింది. బావ లేచాడు. కళ్లు మూసుకున్నాడు. గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, జన్మంతా దాచుకున్న గొంతు ఎత్తి,

"ఈ గోల్‌ను మీకు అందిస్తున్నవారు..."

చేతిలో కాగితం లేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. నోటికి అలవాటైపోయింది, అంతే. తన మాట తనకే వినిపించి బావ కళ్లు తెరిచాడు. చేత్తో నోరు మూసుకోబోయాడు కూడా. కానీ ఆ పాడు నాలుక "పొద్దున్నే హాయి" దాకా వెళ్లిగానీ ఆగలేదు. ఆ తర్వాత "గోల్" అన్నాడు. ఎవరో అడిగితే చెప్పినట్టు అన్నాడు.

మ్యాచ్ అవగానే కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. "సూపర్ సార్! ఇవాళ మా లైన్ చాలా ఫీలై చెప్పారు!" ఛీ, ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. బావ "థాంక్సమ్మా" అని పెట్టేశాడు.

ఇద్దరం ఇంటికి వెళ్లేసరికి గోడ అవతల పక్కింటి టీవీలో ఆ గోలే మళ్లీ మళ్లీ వేస్తున్నారు, ఇల్లంతా ఈలలు. అక్క మిషను మీద వంగి ఏదో కుడుతోంది. రేడియో కట్టేసి ఉంది.

"విన్నావా?" అన్నాడు బావ, చెప్పులు కూడా విప్పకుండా.

అక్క తలెత్తలేదు. "లేదండీ. సరిగ్గా అప్పుడే బ్యాటరీలు అయిపోయాయి."

బావ రేడియో వైపు కాసేపు చూశాడు.

"అవునా," అన్నాడు. "రేపు కొత్తవి తెస్తాలే."