అడుగు వరసలో పాలగిన్నె

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా ఇటుకలుగానే కనిపించేది. ఒంటిమిట్ట తిరునాళ్లలో మేనమామ కొనిచ్చిన బ్యాటరీ ఆటతో మొదలైన పిచ్చి అది. పైనుంచి రకరకాల ఆకారాల్లో ఇటుకలు రాలుతుంటే తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమైపోతుంది. నేను డిగ్రీకి వచ్చేసరికి అదే ఆట ఫోన్లో నానా వేషాలూ వేసుకొచ్చింది. ఒకే రంగువి కలిస్తే పేలిపోయేది ఒకటి, పడగానే ఇసుకలా జారిపోయేది ఇంకొకటి, (నా ఓర్పును పరీక్షించడానికే పుట్టినట్టు) ఇటుకలు కిందినుంచి పైకి లేచేది మరొకటి. దేంట్లోనైనా మా వీధిలో నన్ను మించినవాళ్లు లేరు. ఈ మాట ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. అమ్మ మాత్రం, ఆ ఇటుకలేవో నిజంగా పేర్చుంటే మన ఇల్లు ఎప్పుడో లేసుండేది అని దెప్పేది.

ఆ ఇల్లు చివరికి కల్లూరులో లేచింది. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో వండిన అమ్మకు ఒక్కటే కోరిక: సొంతింట్లో, ముహూర్తానికి, పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి గిన్నెలో పాలు పొంగాలి. దాన్ని చింతపండుతో తళతళా తోమి ఉంచుకుంది. పాత ఇంటాయన ముహూర్తం రోజే తాళాలు ఇచ్చేయమన్నాడు కాబట్టి సామానంతా ఆ పొద్దున్నే కదలాలి. లగేజీ ఆటో ఆయన ఒకసారి కలయజూసి, రెండు ట్రిప్పులు తప్పవన్నాడు. రెండో ట్రిప్పంటే ముహూర్తం దాటిపోయినట్టే. మా నాయన ముఖం వాడిపోయింది. నేను చున్నీ నడుముకు బిగించి, అందరినీ పక్కకు జరగమన్నాను.

ఆ సర్దుడు చూసి తీరాల్సిందే! బీరువా పక్కన నిలువుగా మంచం కోళ్లు, గ్రైండరు వంపులో దిండ్లు, బియ్యం డబ్బాల మధ్య చెప్పుల సంచి (దేవుడి పటాలకు దూరంగానే లెండి). మొత్తం ఒకే ట్రిప్పులో పట్టింది, వేలు దూరే సందు లేకుండా. ఆటో ఆయన నోరు తెరిచి, "ఏమప్పా, మీ పాప లారీ ఆఫీసులో పనిచేస్తాందా?" అని నాయనను అడిగాడు. దారిపొడుగునా నా కాళ్లు నేలమీద ఆనలేదు.

కల్లూరులో దిగగానే అమ్మ అడిగింది.

"పాలగిన్నె యాడుండాది పాపా?"

ఎక్కడుందో నాకు కచ్చితంగా తెలుసు. బీరువా వెనక, అడుగు వరసలో, కుక్కరుకూ ఇడ్లీ పాత్రకూ మధ్య ఖాళీలో అచ్చుగుద్దినట్టు సరిపోయిందని మురిసిపోతూ దూర్చింది నేనే కదా. అన్నిటికన్నా కింద, అన్నాను. అంతా దించేలోపు ముహూర్తం దాటిపోయేలా ఉంది. పక్కింటామె స్టీలు గిన్నె తెస్తానంది. అమ్మ వద్దని తల ఊపింది, కళ్లు నీళ్లతో నిండిపోయాయి. నాయన కోప్పడలేదు, ఒక్క మాటే అన్నాడు.

"ఇది నీ ఫోను కాదమ్మా, వరస నిండితే మాయమయ్యేదానికి."

గబగబా ఆటో ఎక్కాను. పేర్చిన తల నాదే కాబట్టి విప్పే వరసా నాకే తెలుసు. ముందు దిండ్లు, తర్వాత గ్రైండరు, ఆ తర్వాత కోళ్లు అని నేను అరుస్తుంటే నాయన, ఆటో ఆయన, ఇరుగుపొరుగు అందుకున్నారు. ముహూర్తం పెట్టిన అయ్యవారు కూడా పంచె ఎగ్గట్టి రెండు దిండ్లు మోశారు. చివర్లో బీరువా జరిపి చెయ్యి పెడితే, గిన్నె! ముహూర్తం దాటకుండానే పాలు పొంగి, కొత్త వంటగట్టుమీద పారాయి. అమ్మ ఆ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, సొట్ట కూడా పడలేదని అందరికీ చూపించింది. ఆ పూట నా అంత గొప్పది కల్లూరు మొత్తంలో లేదు.

తర్వాత ఉద్యోగం బదిలీలతో నేనూ చాలా ఇళ్లు మారాను. పాలగిన్నెను ఒళ్లో పెట్టుకునే బండెక్కుతాను. వెనక సామానులో చెయ్యి దూరేంత సందు కావాలనే వదిలిస్తాను. వదిలించిన ప్రతిసారీ, చున్నీ బిగించిన ఆ పిల్ల నా పక్కన నిలబడి, ఛీ, ఇంత ఖాళీనా అని మూతి తిప్పుకుంటున్నట్టే ఉంటుంది.