అలికిన అరుగు మీద పులిజూదం

పేడతో కొత్తగా అలికిన నేల వాసన ఎక్కడ తగిలినా నా నడుము దానంతటదే నిటారవుతుంది.

ఎనభైల్లో మా చివరి మిరపచేను కొన్నవాళ్ళ అబ్బాయి శీను రోజూ మా అరుగు మీదికి పులిజూదం ఆడటానికి వచ్చేవాడు. చింతపిక్కలు వాడి పులులు, పత్తిగింజలు నా మేకలు. పులులు కదలకుండా కట్టేస్తే గెలుపు నాది. కానీ ఓడిపోతున్నానని తెలియగానే వాడు అరచేత్తో అంతా చెరిపేసి, "ఆట చెడిపోయిందే" అనేవాడు.

ఒకరోజు అడిగాను. "నేను గెలిస్తే మా చేను మాకిచ్చేస్తావా?"

"ఇచ్చేస్తా పోవే, ముందు గెలువు!"

పనివాళ్ళు మానేశాక అరుగు మా అమ్మే అలికేది. ఆ పూట అలుకు ఇంకా ఆరలేదు. పెట్టిన ప్రతి గింజనూ బొటనవేలితో లోపలికి నొక్కాను. చివరి పులి ఇరుక్కోగానే శీను చెయ్యి విసిరాడు. నున్నటి చింతపిక్కలు ఎగిరిపోయాయి. నూగున్న పత్తిగింజలు పేడలో అంటుకుని ఒక్కటీ కదల్లేదు.

"పులుల్ని మళ్ళీ పెట్టుకోరా. ఎటు పోతాయో చూద్దాం."

వాడు పేడచెయ్యి వంక చూసుకున్నాడు. "ఓడిపోయాలేవే."

లోపలికి పరుగెత్తాను. "తాతయ్యా, మన చేను గెలిచేశాను!"

జరిగిందంతా విని, "ఓడానని వాడి నోటితో వాడే అన్నాడా?" అన్నారు తాతయ్య.

"అన్నాడు."

చేను అమ్మాక అటువైపే వెళ్ళని మనిషి, కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "అయితే పద."

గట్టు మీద ఇద్దరం తలెత్తుకుని నడిచాం. చేను తిరిగి రాలేదని నాకు చాలాకాలానికి గాని అర్థం కాలేదు. తాతయ్యకు ఆరోజే తెలుసు. అయినా ఎర్రటి కాయల మధ్య నిలబడి, "ఈసారి మన కాపు బాగుందే అమ్మాయ్" అన్నారు.