మెత్తని ముక్కు తూటా

నాకు అనుమానం ఎక్కువ. మా ఆవిడ నన్ను అనుమానం పక్షి అంటుంది. పాలలో నీళ్లు, ఏజెంటు మాటలో అబద్ధం, ఎవరైనా ఊరికే ఇచ్చినదానిలో ఏదో ఒక మెలిక నాకు ముందే కనబడతాయి. ఈ గుణం వల్ల ఊళ్లో చాలామందికి చెడ్డవాణ్ణయ్యాను గానీ, ఒమాన్‌లో ఇన్నేళ్లు నెగ్గుకొచ్చింది కూడా దీని పుణ్యమే.

నేను పనిచేసేది సువైక్ దగ్గర ఒక ఖర్జూరం తోటలో. నీళ్లు, మోటార్లు, చెట్లు నా పని. వంట, మేకలు ఒక కడప భాయ్ పని. ఇద్దరికీ ఒకటే రూమ్. యజమానిని ఇక్కడి అలవాటు ప్రకారం అర్బాబ్ అంటాం. వయసు మీద పడిన మనిషి, పిల్లలు లేరు. చనిపోయిన అన్నగారి కొడుకును పెంచి పెద్ద చేశాడు. అర్బాబ్ హిందీలో అరబీ కలిపి మాట్లాడతాడు, నేను అదే హిందీలో జవాబు చెబుతాను. ఆ మాటలు ఉన్నవున్నట్టు రాస్తే చదివేవాళ్ల సంగతి అటుంచి నాకే అర్థం కావు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

అర్బాబ్‌కు ఉన్న పిచ్చి వేట ఒక్కటే. ఒమాన్‌లో జింకను కొడితే జైలు. నిన్న గాక మొన్న దిగిన లేబర్‌కి కూడా ఆ సంగతి తెలుసు. అందుకని ఏడాదికోసారి కాగితాలన్నీ సరిచేసుకుని ఆఫ్రికా వెళ్లి వేటాడి వచ్చేవాడు. వెళ్లే ముందు తోటలో తూటాల పరీక్ష జరిగేది. పాత పేపర్లు తొట్టిలో నానబెట్టి, గట్టిగా కట్టలు కట్టి, తోట చివర ఇసుక గట్టుకు ఆనించి పెట్టడం నా వంతు. తడి కాగితం మాంసంలాగే తూటాను పట్టుకుంటుందట. అరబీ పేపర్లు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. వాటిలో ఎక్కడో ఒకచోట దేవుడి పేరు ఉంటుంది, దాని మీద పేలుస్తామా అనేవాడు. కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే మనకు అది వింతేమీ కాదు. మస్కట్‌లోని వాడి కబీర్ పేటలో బళ్ల షెడ్డులో పనిచేసే మా ఊరాయన దగ్గర నుంచి ఇంగ్లీషు, మలయాళం పేపర్లు సంచుల కొద్దీ తెప్పించేవాణ్ణి.

తుపాకి పెట్టె మోసుకొచ్చేది నేనే. కానీ పెట్టె తెరిచే ముందు నన్ను మోటార్ షెడ్డు వెనక్కి వెళ్లమనేవాడు. తుపాకి నింపుతుంటే పక్కన మనిషి ఉండకూడదని ఆయన నియమం. ఈ విషయంలో నన్ను మించిన అనుమానం పక్షి. శబ్దం వినబడ్డాక, ఆయన కేకేశాక, నేను వెళ్లి కట్ట విప్పి తూటాను తవ్వి తీసేవాణ్ణి.

ఆయన దగ్గర మూడు రకాల తూటాలుండేవి. ఒకటి నిండా రాగి తొడుగున్నది. అది కట్టను నిలువునా దూసుకుపోయి ఇసుకలో దొరికేది. "ఇది దొంగ. జంతువులో దూరి అవతలకి పోతుంది. దెబ్బ తిన్న జంతువు కొండ దాటి ఎక్కడో చస్తుంది, నీకు దొరకదు" అనేవాడు. రెండోది కొత్తరకం, ముక్కు మీద రంగు ప్లాస్టిక్ ఉన్నది. పైపైనే పగిలి ముక్కలయ్యేది. కొన్నిసార్లు బాగానే వెళ్లేది, కొన్నిసార్లు వెళ్లేది కాదు. అందుకే దాన్ని అసలు నమ్మేవాడు కాదు. మూడోది మెత్తని ముక్కు తూటా. ముక్కున సీసం బయటికి కనబడుతుంది, వెనక రాగి. లోపలికి వెళ్లి పుట్టగొడుగులా విచ్చుకుని, విడిపోకుండా అక్కడే ఆగిపోతుంది. దాన్ని నా అరచేతిలో పెట్టి, "మాట మీద నిలబడేది ఇదొక్కటే, సదీక్" అనేవాడు. సదీక్ అంటే దోస్తు. కోపంలో ఉన్నా నన్ను అలాగే పిలుస్తాడు.

ఆ మాట మీద ఆయనతో వాదన పెట్టుకునేవాణ్ణి. మా పెద్దనాన్న నిర్మల్ వైపు అడవుల్లో అడవి పందులు కొట్టేవాడు. నాటు తుపాకి. అదీ దొంగవేటే, దాచడం ఎందుకు. సీసం కరిగించి గుండ్లు తనే పోసుకునేవాడు. తుపాకిలో వేసే ముందు ప్రతి గుండునూ పంటితో ఒకసారి కొరికేవాడు. నలుగురు కలిసి కొట్టిన పందిని కోసినప్పుడు ఎవరి గుండుకు పడిందో అని తగాదా వస్తుంది కదా, అప్పుడు పంటి గాటు చూపించి తలకాయ వాటా తీసుకునేవాడు. తోటి వేటగాళ్ల మీద అంత నమ్మకం! గుండును నమ్మరాదు, మందును నమ్మరాదు, పక్కవాణ్ణి అసలే నమ్మరాదు అనేవాడు. నేను ఆయన వెంట నీళ్ల సీసా మోసినవాణ్ణి తప్ప ఎన్నడూ తుపాకి పట్టలేదు. అయితే అర్బాబ్‌కి చెప్పేటప్పుడు కొంచెం మసాలా వేసి, "మా ఇంటి విద్య" అని చెప్పేవాణ్ణి. ఆయన మురిసిపోయి వినేవాడు. ఒక యజమాని నా కథలు విన్నాడన్న సంబరంలో నా అనుమానం ఎక్కడో నిద్రపోయింది.

మొన్న చలికాలం అర్బాబ్ కంటికి ఆపరేషన్ అయింది. మస్కట్ పక్కన బౌషర్‌లో ఆసుపత్రి. అక్కడే చుట్టాల ఇంట్లో కొన్నాళ్లు ఉండాలన్నారు. ఇంటి తాళాలు, తుపాకి బీరువా తాళంతో సహా, మొత్తం గుత్తి నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ గుత్తి నడుముకు వేలాడుతుంటే నాకు గర్వంగానే ఉండేది.

ఆయన లేని రోజుల్లో అన్న కొడుకు పికప్ వేసుకుని వచ్చేవాడు. చిన్నాయన మందుల చీటీలు కావాలంటూ తాళాలు అడిగాడు. ఇంటి మనిషి అడిగితే ఎలా కాదంటాను? ఇచ్చాను. పొద్దుగూకే వేళకు తిరిగిచ్చాడు. ఆ మర్నాడు ఒక గోనెసంచి మా రూమ్‌కి తెచ్చి, మా ఫ్రిజ్‌లో తానే సర్దాడు. గొర్రె మాంసమట. మీరూ కొంత వండుకోండి, మిగతాది తర్వాత వచ్చి తీసుకెళ్తాను అని నవ్వుతూ చెప్పి వెళ్లిపోయాడు.

నాకు అప్పుడే తేడా కొట్టింది. పక్కనే అంత పెద్ద ఇల్లు, అందులో రెండు ఫ్రిజ్‌లు. లేబర్ రూమ్‌లో మాంసం దాచుకోవడం ఏమిటి?

"ఏందన్నా నీ అనుమానం! పెద్దింటోళ్లు ప్రేమగా ఇస్తే తినాల గానీ" అన్నాడు భాయ్, కత్తి నూరుకుంటూ.

"ప్రేమ గింత బరువుంటదా భాయ్? సంచి మోయనీకి ఇద్దరు గావాలె" అన్నాను.

భుజం ముక్క కోస్తుండగా కత్తి టక్కుమని ఆగింది. ఎముక అనుకుని భాయ్ వేలు పెట్టి చూశాడు. ఎర్రగా, రాగి రేకులు విచ్చుకుని, మధ్యలో సీసంతో, ఆ వస్తువు బయటికొచ్చింది. తడి పేపర్లలోంచి అటువంటివి ఎన్ని తీశానో! గొర్రెను ఎవరూ తుపాకితో కొట్టరు. మిగతా సంచి తెరిచి చూశాం. సన్నటి కాళ్లు, గొర్రెవి కావు, జింకవి.

భాయ్ కత్తి కింద పడేశాడు. "యా అల్లా. హలాల్‌గా కోసినారో లేదో కూడా తెలీదే! ఇది మనం తిని ఉంటే?" అన్నాడు. అతని భయం అది. నా భయం వేరే. అడవి జంతువుల గార్డులు వచ్చి చూస్తే మాంసం దొరికేది మా ఫ్రిజ్‌లో. తాళాలు నా నడుముకు. వేట నా ఇంటి విద్య. జైలు, ఆ తర్వాత వేలిముద్రలు వేయించుకుని ఊరికి పంపేయడం. మళ్లీ ఏ గల్ఫ్ దేశమూ రానివ్వదు. ఇంటర్ చదువుతున్న నా బిడ్డ కళ్ల ముందు మెదిలింది.

"పాతిపెడ్దామన్నా. గమ్మునుందాం" అన్నాడు భాయ్.

"పాతిపెట్టినంక దొరికితే మనమే చేసినట్టు ఖాయమైతది. అర్బాబ్‌కు చెప్తే?"

"ఆయప్పకి వాడు పెంచిన బిడ్డ. నువ్వెవురు?"

అయినా ఫోన్ చేశాను. ఫోన్లో ఏమీ చెప్పకుండా, ఒకసారి తోటకు రావాలి బాబా అన్నాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక అర్బాబ్‌ను చుట్టాలబ్బాయి కారులో దింపి వెళ్లాడు. ఒక కంటికి గుడ్డ, రెండో కంటికి నల్లద్దం. హాల్లో నేల మీది పరుపు మీద కూర్చోబెట్టి, తూటా ఆయన చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. భాయ్ తలుపు దగ్గర నిలబడి ఔనౌనన్నాడు.

అర్బాబ్ తూటాను చూడలేదు. బొటనవేలితో ఒక్కో రేకునూ తడిమాడు. చాలాసేపు తడిమాడు. అది తనదేనని ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. మెత్తని ముక్కు తూటా మాట మీద నిలబడింది, జంతువు దాటి పోకుండా ఆగింది.

"భాయ్‌ని బయటికి పొమ్మను" అన్నాడు. భాయ్ వెళ్లాక నా వైపు తిరిగాడు. "తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?"

"నా దగ్గరనే. నడుమ ఒక్కపూట మీవోనికిచ్చిన."

"అది నువ్వు చెబుతున్న మాట. వేట ఎవరి ఇంటి విద్య?"

నేను ఇన్నేళ్లు సంబరంగా చెప్పుకున్న ప్రతి కథనూ ఆయన దాచి పెట్టుకున్నాడు. మసాలాతో సహా.

"మా పెద్దనాన్నది బాబా. నేను నీళ్లు మోసినోన్ని. ఎన్నడు పేల్చలే."

ఆయన లేచి, నా గుత్తిలోంచి బీరువా తాళం ఒక్కటి తీయించుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లి తుపాకితో వచ్చాడు. దాన్నీ, ఒక కొత్త తూటానూ నా ముందు పెట్టాడు. "నింపు" అన్నాడు.

నింపితే దొంగను, నింపకపోతే అబద్ధాలకోరును. అలా అనిపించింది నాకు. సినిమాల్లో చూసినదేదీ గుర్తుకు రాలేదు. నాకు తెలిసిన తుపాకి ఒక్కటే, పెద్దనాన్నది. మడమ నేలకు ఆనించి, గొట్టం పైకి నిలబెట్టి, మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, గుండు వేసి, ఇనుప కడ్డీతో దట్టించేది. అర్బాబ్ తుపాకినీ అలాగే నిలబెట్టాను. మూతి మీదికి వంగి లోపలికి చూశాను. గడ్డం గొట్టానికి తగులుతోంది. తూటా ముక్కు కిందికి పెట్టి ఆ మూతిలో దోపబోయాను. దాని ఇత్తడి గొట్టం లావు, లోపలికి దిగడం లేదు. కడ్డీ ఎక్కడుందా అని అటూ ఇటూ వెతికాను.

అర్బాబ్ ఒక్క కేక వేసి నా చేతుల్లోంచి తుపాకి లాగేసుకున్నాడు. పక్కనున్న ఇనుప పిడిని వెనక్కి గుంజి లోపల ఖాళీగా ఉందో లేదో వేలు పెట్టి చూసుకున్నాడు. తుపాకి తెలిసిన మనిషి ఎవడూ దాని మూతి మీద ముఖం పెట్టడు. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తుపాకిని ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

"నువ్వు కాదు" అన్నాడు.

"కాదు బాబా."

విచ్చుకున్న తూటాను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అద్దం కిందనుంచి నీళ్లు జారుతున్నాయి. ఆపరేషన్ వల్లనో, మరి దేని వల్లనో.

"నువ్వై ఉంటే బాగుండేది, సదీక్."

నాకు కడుపు మండిపోయింది. ఇన్ని ఎండాకాలాలు ఆయన చెట్లకు నీళ్లు పెట్టాను. ఆయన జ్వరానికి కషాయం కాచాను. నేను జైలుకు పోయి ఉంటే ఆయన మనసు కుదుటపడేది! ఆ మాట నా ముఖం మీద అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో. తాళాల గుత్తి విప్పి పరుపు మీద పడేశాను. ఇంక ఇక్కడ ఉండకూడదు, భాయ్‌ని తీసుకుని వెళ్లిపోవాలి అనుకున్నాను. ఆయన చేసేది కూడా నాకు తెలుసనుకున్నాను. మాంసం పాతించి, మా ఇద్దరి నోళ్లు మూయించి, పెంచినవాణ్ణి కాపాడుకుంటాడు. నేను లేచి తలుపు వైపు నడిచాను.

"కూర్చో" అన్నాడు. ఫోన్ తీసి నా వైపు చాపాడు. "నాకు అంకెలు కనబడడం లేదు. నేను చెబుతాను, నొక్కు."

ఎవరికి బాబా అన్నాను, అనుమానంగానే. అడవి జంతువుల ఆఫీసుకు అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఇందులోనూ ఏదో మెలిక ఉంటుందని, నా పేరే చెబుతాడేమోనని వెతికాను. వెతికి వెతికి, ఆయన చెప్పిన ఒక్కో అంకె నొక్కాను. స్పీకర్ పెట్టమన్నాడు. అవతల ఎవరో సలాం చెప్పారు. ఈయన సలాం చెప్పి, తోట ఎక్కడో చెప్పి, తుపాకి తనదేనన్నాడు. పేల్చింది ఎవరని వాళ్లు అడిగారు. నాకు వచ్చిన కాస్త అరబీలో ఆ ప్రశ్న అర్థమైంది.

అర్బాబ్ తను పెంచినవాడి పేరు చెప్పాడు. నీకేమవుతాడని వాళ్లు మళ్లీ అడిగారు. ఇన్నేళ్లలో అతన్ని ఎవరికి చూపించినా అన్న కొడుకనే చెప్పేవాడు. ఆ మధ్యాహ్నం మాత్రం, తూటాను పిడికిట్లో బిగించి పట్టుకుని, "వలదీ" అన్నాడు. నా కొడుకు అని.